గోధుమ లేని పంక్తి

వంట విషయంలో నాకు భయం లేదు. ఆదోనిలో మా ఇల్లు బస్టాండుకు దగ్గర. మంత్రాలయం పోయే చుట్టాలు పొద్దున మా ఇంట్లో కాఫీ తాగి బస్సెక్కుతారు. దర్శనం చేసుకొని మధ్యాహ్నానికి మళ్ళీ మా ఇంటికే వచ్చి విస్తరి ముందు కూర్చుంటారు. హైస్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగం నాది. అయినా పదిహేను మంది వస్తాండామని పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి పదిహేను మందికీ వేడివేడిగా వడ్డించగలను. ఎవరేం తింటారో, ఎవరికి కారం ఎక్కువ కావాలో, ఎవరు పెరుగన్నంలో ఊరగాయ లేనిదే ముద్ద ఎత్తరో నాకు కంఠతా వచ్చు. అట్లాంటి నేనే మా తమ్ముడి భార్యకు మొట్టమొదటి విందులో, నా చేత్తో నేనే, కడుపునొప్పి వడ్డించినాను.

తమ్ముడిది ఎమ్మిగనూరు. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. వాడికి అక్కడ బట్టల అంగడి ఉంది. అమ్మాయిది కోడుమూరు. పెళ్ళయిన నెలలోపలే కొత్త జంటను భోజనానికి పిలిచినాను. అమ్మ కూడా వచ్చింది. పూరీలు, ఆలుగడ్డ కూర, ఓళిగలు, పులిహోర, బజ్జీలు చేసినాను. ఓళిగల్లోకి బెల్లం పూర్ణం నేనే రుబ్బినాను. పైపిండికి మైదా కాదు, సన్నటి గోధుమ రవ్వ, చిరోటి రవ్వ తెప్పించి నూనెలో నానబెట్టినాను. నేను వంట చేస్తే అట్ల ఉండాలని నా లెక్క.

ఆ అమ్మాయి పులిహోర తినింది, బజ్జీ తినింది. పూరీని మాత్రం విస్తరి అంచుకు జరిపింది. నాకు మనసు చివుక్కుమనింది. 

"ఏంటికమ్మా తినల్యా? నూనె ఎక్కువైందా?" అన్నాను.

"లేదు వదినా, కడుపు నిండింది."

"ఇరవయ్యేండ్ల పిల్లకు ఇంతకే కడుపు నిండుతాదా? మా ఇంట్లో ఈ మొగమాటాలు కుదరవు" అని ఇంకొక పూరీ వేసి, పక్కన ఓళిగ పెట్టి, దాని మీద నెయ్యి పోసి, తినేదాకా పక్కనే నిలబడినాను. ఆమె ఒకసారి మా తమ్ముడి వైపు చూసింది. వాడు తల వంచుకొని పులిహోర తింటాండాడు. ఆమె రెండూ తినింది.

గంటసేపటికి ఆమె పడకగదిలో మోకాళ్ళు కడుపుకు ఆనించుకొని పడుకొని ఉంది. రెండుసార్లు కక్కుకుంది. మొహమంతా చెమటలు. అమ్మ నా చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయి, కండ్లు పెద్దవి చేసి, "నీళ్ళు పోసుకుందా లేదా కనుక్కో" అనింది. పెళ్ళయి ఇంకా నెల కూడా కాలేదు. అమ్మ తొందరకు నవ్వొచ్చింది కానీ నవ్వే సమయం కాదు. నేను వేడినీళ్ళు తీసుకొని గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసినాను.

"నిజం సెప్పు పాపా. ఏమైంది?"

ఆమె గోడ వైపు తిరిగి చెప్పింది. కాలేజీలో ఉండగా తిన్నది వంటబట్టక సన్నగా అయిపోతే కర్నూలులో డాక్టరు పరీక్షలు చేసినాడంట. గోధుమ ఆమె పేగులకు పడదన్నాడంట. పూరీ, చపాతీ, రవ్వ, మైదా, బ్రెడ్డు, సేమ్యా ఏదీ ముట్టకూడదు, రవంత కూడా. మందు లేదు. జీవితాంతం తినకుండా ఉండడమే మందు.

"మాకెందుకు సెప్పల్యా?"

"పెండ్లి కుదిరినప్పుడు మా పెదనాయన సెప్పొద్దన్యాడు వదినా. రోగం పిల్లను అంటగట్నారంటారని. నేను మీ తమ్మునికి ఫోన్లో సెప్పినా. నేను మా వాళ్ళకు నిదానంగా సెప్తాలే అన్యాడు."

చెప్పలేదు వాడు. బయటికి పోయి తమ్ముణ్ణి నిలదీసినాను. "అమ్మ ఏమనుకుంటాదో అని..." అంటూ నసిగినాడు. 

"అమ్మ ఏమనుకుంటాదో అని ఆ పిల్ల పేగులు కోసినావు కదరా" అన్నాను. వాణ్ణి అన్నాను కానీ, ఆ రెండో పూరీ వేసింది నేను. ఆమె వద్దన్నా వినకుండా నెయ్యి పోసింది నేను. వచ్చిన మనిషిని బలవంతంగా తినిపించడమే మర్యాద అనుకొని ఇన్నేళ్ళు వడ్డించినాను. వద్దు అన్నవాళ్ళ వద్దులో ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు.

మళ్ళీ గదిలోకి పోయి, "ఇంతేనా? గోదుమ లేకుంటే నాకు వంట రాదనుకుంటాండావా? ఈ ఇంట్లో ఇంకెప్పుడూ నీకు కడుపునొప్పి రాదు. సూడు" అన్నాను. ఆమె నీళ్ళు తాగి కొంచెం నవ్వింది. అంత గట్టిగా మాట ఇచ్చేసినాను. నాకప్పటికి తెలియనిది చాలా ఉంది.

అమ్మకు చెప్పడం ఆ సాయంత్రమే అయింది. అమ్మ ముందు నమ్మలేదు. "గోదుమ పడకపోవడమేంది? మా కాలంలో ఇట్లాంటి రోగాలు యాడుండ్యా?" అనింది.

"మీ కాలంలో గోదుమలు యాడుండ్యా? నీ పెండ్లిలో పూరీలు పెట్నారా?" 

అమ్మ ఆలోచనలో పడింది. "పూరీలా! వరన్నం పెట్టడమే గొప్ప. కొర్రన్నం, పప్పు, బెల్లం పాశం పెట్నారు. రోజూ జొన్న రొట్టె, సంగటి" అంటూ పాత రోజుల్లోకి పోయింది. 

"ఆ పిల్లకు పడేది అదే. నువ్వు పుట్టినప్పటి నుంచి తిన్న తిండే" అన్నాను. అమ్మ సగం మనసుతో తలూపింది. కానీ కొడుకు మీద అలిగి ఆ రాత్రి వాడితో మాట్లాడకుండానే ఎమ్మిగనూరు పోయింది.

తర్వాతి నెలలో ఆ అమ్మాయి అమ్మానాన్నలు ఎమ్మిగనూరుకు చూడ్డానికి వస్తామన్నారు. వియ్యాలవారికి భోజనమంటే అమ్మకు కంగారు. నన్ను ముందురోజే రమ్మనింది. 

"అందరికీ పూరీలు, ఓళిగలు చేద్దాం. ఆ పాపకొక్కదానికి పక్కన అన్నం, చారు పెడదాం" అనింది.

నేను ఒప్పుకోలేదు. "వేరే గిన్నె పెడితే ఆ పిల్ల ప్రతి పండక్కీ, ప్రతి విందుకూ వేరే మనిషే అయిపోతాది. అందరికీ ఒకటే వంట. అందులో గోదుమ ఉండదు. అంతే."

"ఓళిగలు లేకుండా వియ్యాలవారికి పెడతామా?"

"బెల్లం పాశం పెడదాం. నీ పెండ్లిలో పెట్నారు కదా."

అమ్మ నోరు అట్ల మూయించి, పులిహోర, కందిపప్పు, గుత్తి వంకాయ, చారు, మిరపకాయ బజ్జీ, పాశం చేసినాను. పిండి జల్లెడ, పెనం, గరిటెలు అన్నీ కొత్తగా తోమించినాను. వచ్చినవాళ్ళు కడుపునిండా తిన్నారు. వాళ్ళమ్మ విస్తరి మీద ఒక్కొక్కటే చూసుకొని, గోధుమ ఏదీ లేదని గమనించి, నా వైపు చూసి కండ్లు తుడుచుకుంది. నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండింది. చెప్పినాను కదా, నాకు వంట విషయంలో భయం లేదు.

వియ్యాలవాళ్ళు బస్సెక్కిన తర్వాత చూస్తే మరదలు మళ్ళీ కడుపు పట్టుకొని కూర్చుంది. పోయినసారంత కాదు. కక్కలేదు. కానీ ఆ నొప్పి ఆమెకు తెలుసు.

"యాడో పొరపాటు జరిగింటాది. నీ తప్పు కాదు వదినా" అనింది.

ఆమె అట్లనడంతో నాకు ఇంకా కష్టమైంది. వంటింట్లో కింద కూర్చొని డబ్బాలన్నీ వరసగా పెట్టినాను. బియ్యం, కందిపప్పు, శెనగపిండి, బెల్లం, చింతపండు, మిరప్పొడి, ధనియాల పొడి. శెనగపిండి నేనే శెనగపప్పు తీసుకుపోయి పిండి మిషన్లో ఆడించింది. అంతకుముందు అక్కడేం ఆడినారో నాకు తెలియదని అప్పుడు తట్టింది. అది ఒకటి. ఇంకేమన్నా ఉందా అని ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూస్తూ పోతే ఆఖరున నేను ఆదోని నుంచి తెచ్చిన ఇంగువ డబ్బా చేతికి వచ్చింది.

"మీ పుట్టింట్లో పులిహోరకు ఇంగువ వేస్తారా?" అని కేకేసి అడిగినాను.

"లేదు వదినా. మా అమ్మ తెల్లగడ్డతోనే తిరగమాత వేస్తాది."

డబ్బా వెనక్కి తిప్పినాను. చీమ తలకాయంత అక్షరాలు. కండ్లద్దాలు పెట్టుకొని వెలుతురులోకి పోయి చదివినాను. ఇంగువ బంకను పొడి చెయ్యడానికి అందులో గోధుమ పిండి కలుపుతారంట. డబ్బాలో సగానికి పైన గోధుమ పిండే. పులిహోరలో వేసినాను, పప్పులో వేసినాను, చారులో వేసినాను. ఏ వంటలోనూ వదలకుండా నేనే వేసినాను.

పిల్లలకు నేను క్లాసులో చెప్పే పాఠమే ఇది. ఏది కొన్నా పొట్లం మీద రాసింది చదవండి అని ప్రతి సంవత్సరం చెప్తాను. ఆ డబ్బా పట్టుకొని మరదలి దగ్గరికి పోయి, "ఇదే దొంగ" అని చూపించినాను. ఆమెకు కూడా తెలియదంట. వాళ్ళింట్లో ఇంగువ వాడరు కాబట్టి ఎప్పుడూ ఈ తంటా రాలేదు. ఇద్దరం ఆ డబ్బాను చెత్తబుట్టలో వేసినాము. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, "ఇంగువలో గోదుమ పిండా! ఇంకేమేంట్లో ఏమేం కలుపుతాండారో" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు నుంచి అమ్మకు అనుమానం పోయి పట్టుదల వచ్చింది. 

నాకూ వచ్చింది. తర్వాత ఆరు వారాలు నేను చేసింది ఏంటంటే, వెతకడం. సాంబారు పొడిలో ఇంగువ ఉంటుంది, కొనడం మానేసినాను. అంగట్లో అమ్మే కారప్పూసలో మైదా ఉంటుంది. మా వీధి చివర ఒకావిడ పొద్దున పొద్దునే జొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. పల్చగా, పువ్వు మాదిరి ఉంటాయి. అడిగి చూద్దామని పోయినాను.

"అవ్వా, నీ రొట్టెల్లో జొన్నపిండి ఒక్కటేనా?"

ఆమె పెనం మీది రొట్టెను తిప్పుతూ నా వైపు చూసింది. "నువ్వు అడిగినావు కాబట్టి సెప్తాండా. గుప్పెడు గోదుమపిండి కలుపుతా. కలపకపోతే ఇంత సన్నగా రాదు. పగుల్తాది. మడిచి కాగితంలో పెట్టియ్యడానికి రాదు."

"మంచిపని చేసినావవ్వా నిజం సెప్పి" అన్నాను. కొనకుండా వచ్చినాను.

అప్పుడే కోడుమూరు నుంచి కబురు వచ్చింది. మరదలి పుట్టింటి చుట్టాలు పద్నాలుగు మంది బండి మాట్లాడుకొని మంత్రాలయం పోతున్నారు. దర్శనం తర్వాత మధ్యాహ్న భోజనం మా ఇంట్లో. అందులో ఆమె పెదనాయన కూడా ఉన్నాడు. సంబంధం కుదిరినప్పుడు ఈ సంగతి దాచమన్నాయన. విందంటే పూరీ, తీపి, పప్పు, నాలుగు రకాల కూరలు ఉండాలనే మనిషి అని మరదలు ముందే చెప్పింది. 

"ఆయన కోసం పూరీలు చేద్దామా వదినా? నేను తినకుండా పక్కన పెడతా" అని ఫోన్లో అడిగింది.

"వద్దు. మధ్యాహ్నం జొన్న రొట్టె చేద్దాం. నువ్వు, అమ్మ ముందురోజే రాండి" అన్నాను.

జొన్నలు ఉన్నాయి. పిండి ఆడించాలి. మిషన్ దగ్గరికి పోయినాను. 

"అన్నా, ఈ మిషన్లో గోదుమలు ఆడతారా?"

"పొద్దస్తమానం అవే మేడమ్. జొన్నలు ఆడేది పదిమందిలో ఇద్దరు."

నాకు సంగతి చెప్పక తప్పలేదు. ఆయన మొదట నవ్వి, "మడి గట్టుకున్యారా మేడమ్?" అన్నాడు. తర్వాత మరదలి కడుపునొప్పి గురించి చెప్తే నవ్వు ఆపి, పిండి పడే గుడ్డ గొట్టాన్ని పట్టుకొని కాసేపు ఆలోచించినాడు. 

"ఒక పని సెయ్యండి. ఆదివారం అరిగిన రాళ్ళకు మళ్ళీ గరుకు వచ్చేటట్టు కక్కు కొట్టిస్తాండా. ఆ పొద్దు అన్నీ విప్పి కడుగుతాం. గుడ్డ కూడా కొత్తది కడతా. రాళ్ళలో మట్టి పోయేదానికి ముందు నూకలు ఆడతాం. ఆ తర్వాత మొదటి జొన్న మీదే. శెనగపప్పు కూడా తెచ్చుకోండి."

ఆదివారం నేను అక్కడే స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఆయన చెప్పినట్లే చేసినాడు. గోరువెచ్చని జొన్నపిండి డబ్బాలోకి దిగుతుంటే ఆ వాసనకు చిన్నప్పటి మా వంటిల్లు గుర్తొచ్చింది. ఎవరూ కొనలేని పిండి నా చేతిలో ఉన్నట్లు అనిపించింది.

చుట్టాలు వచ్చే రోజు స్కూలుకు సెలవు పెట్టినాను. వంట పెద్ద కష్టమైనదేం కాదు. కొర్రలు కడిగి నానబెట్టి, కందిపప్పుతో, కూరగాయలతో కలిపి బిసిబేళె మాదిరి ఉడికించినాను. దానికి ధనియాలు, మిరపకాయలు, చెక్క, ఎండుకొబ్బరి వేయించి నేనే పొడి కొట్టినాను. ఇంగువ బదులు తెల్లగడ్డ. చెనిక్కాయలు, నువ్వులు నూరి గుత్తి వంకాయ చేసినాను. చెనిక్కాయల పచ్చడి, పెరుగన్నం, కొర్రల పాశం. బండి దిగంగానే పెట్టడానికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి పిండి, ఎర్రగడ్డ తిరగమాతలో వేసి పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని పదినిమిషాల్లో అయిపోతుంది. ఇవన్నీ నాకు చేతి కింది పనులు.

రొట్టె దగ్గర మాత్రం నా పరువు పోయింది. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి రొట్టెలు వీధి చివరే కొనుక్కునేదాన్ని కాబట్టి చేతికి అలవాటు తప్పింది. మసలే నీళ్ళు పోసి పిండి పిసికి, పీట మీద తట్టడం మొదలుపెడితే అంచులు పగిలినాయి. పెనం మీదికి ఎత్తితే రెండు ముక్కలైంది. రెండోది ఎత్తకముందే విరిగింది. అమ్మ ప్రయత్నం చేసింది కానీ ఆమె చెయ్యి వణుకుతుంది.

మరదలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తాండింది. 

"వదినా, జరుగు" అనింది.

పీట ముందు కూర్చుంది. పిండిలో ఇంకొంచెం వేడినీళ్ళు చల్లుకొని, అరచేతి మడమతో ఒత్తుతూ చాలాసేపు పిసికింది. నేను రెండు నిమిషాలు పిసికినచోట ఆమె పది నిమిషాలు పిసికింది. ముద్ద తీసుకొని గుండ్రంగా చేసి, పొడిపిండి చల్లి, తట్టడం మొదలుపెట్టింది. చెయ్యి ఒకచోట ఆగదు. తడుతుంటే రొట్టె దానంతటదే తిరుగుతోంది. అంచు ఎక్కడా పగల్లేదు. రెండు చేతుల మీదికి తీసుకొని పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, తిప్పి, మంట మీద పెడితే బుస్సున పొంగింది. 

"ఏమ్మే, ఇంత బాగా వస్తే ఇన్నాళ్ళూ సెప్పల్యా?" అనింది అమ్మ.

"మూడేండ్లుగా నా కూడు ఇదే కదా అత్తా. రోజూ నేనే సేసుకునేదాన్ని. మీ ఇంట్లో అడగడానికి భయమైంది."

అమ్మ లేచి పోయి పెనం పక్కన కూర్చొని, కాలిన రొట్టెలు గుడ్డలో చుట్టి గంపలో పెట్టడం మొదలుపెట్టింది. నేను వంకాయ దగ్గరికి పోయినాను. ఆ రోజు ఆ వంటింటికి పెద్ద నేను కాదు.

చుట్టాలు వచ్చినారు, ఉగ్గాని తిన్నారు, పంక్తిలో కూర్చున్నారు. నేను వడ్డిస్తాండాను. పెదనాయన విస్తరి అంతా ఒకసారి చూసుకొని, "ఏమ్మా, పూరీ సెయ్యల్యా? విందు కదా!" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. పంక్తి అంతా నా వైపు చూసింది.

నేను ఏదో సర్దిచెప్పబోయినాను. అంతలో మరదలు వేడి రొట్టెల పళ్ళెం పట్టుకొని వంటింట్లో నుంచి వచ్చింది. ముంగురులకు పిండి అంటుకొని ఉంది.

"నాకు గోదుమ పడదు పెదనాయనా. నీకు తెల్సు కదా. ఇప్పుడు మా అత్తకూ తెల్సు, వదినకూ తెల్సు. అందుకే ఈ పొద్దు అందరికీ గోదుమ లేకుండా సేసినాం" అనింది.

గోడ దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మ, "మాకు ముందే సెప్పింటే బాగుండేదప్పా. ఆ పిల్ల మా ఇంటికొచ్చిన మొదటి నెలలోనే కడుపునొప్పితో ఏడ్చింది" అనింది. నిష్ఠూరంగా కాదు, జరిగింది చెప్తున్నట్లు.

పెదనాయన తల వంచుకున్నాడు. "సంబంధం తప్పిపోతాదని భయపడ్న్యామమ్మా. ఆడపిల్ల సంగతి" అన్నాడు. విస్తరి ముందుకు జరిపి, "ఒక రొట్టె ఎయ్యి బిడ్డా" అన్నాడు. ఆమె వేసింది. వంకాయతో తిన్నాడు. మూడు రొట్టెలు తిన్నాడు. మూడోది అడిగి వేయించుకున్నాడు.

వాళ్ళు బండెక్కిన తర్వాత మేము ముగ్గురం కూర్చున్నాము. అమ్మ వడ్డించింది. మరదలు ఏదీ అడగకుండా, ఏ గిన్నె వైపూ అనుమానంగా చూడకుండా బిసిబేళె రెండుసార్లు వేసుకుంది. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున కూడా ఆమెను అడిగినాను. ఏమీ కాలేదు.

పోయిన నెలలో ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేసింది. తమ్ముడి అంగడి స్నేహితులు కుటుంబాలతో భోజనానికి వస్తున్నారంట, పన్నెండు మంది. 

"శనివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాలే" అన్నాను.

"వద్దు వదినా. నేను, అత్త సేసుకుంటాం."

"పన్నెండు మందికా?"

"రొట్టెలు నేను సేస్తా. మిగతావి నీ దగ్గర సూసినా కదా."

ఆ శనివారం స్కూల్లో నాకు పాఠం మీద మనసు నిలవలేదు. ఇంటర్వెల్లో ఫోన్ తీసి చూసినాను, మధ్యాహ్నం చూసినాను. ఒక్క సందేహం కూడా అడగలేదు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆమే ఫోన్ చేసింది. వెనక గిన్నెల చప్పుడు, అమ్మ ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడుతోంది. 

"అంతా అయిపోయింది వదినా. కొర్రన్నం కొంచెం మెత్తగైంది, అంతే. అందరూ రొట్టెలు ఎట్ల సెయ్యాలని అడుగుతాండారు. ఉండు, వాళ్ళు పోతాండారు, సాగనంపి మళ్ళీ ఫోన్ సేస్తా" అని పెట్టేసింది.